అడుగు మారినా ఆసామీ ఒకడే
(పియానో కార్డ్ ఇన్వర్షన్ల కథ)

పాశ్చాత్య సంగీత చరిత్రలో 1722వ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. ఐరోపాలో మూడు చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పనులు ఆ ఏడాది పేరు మీద నమోదయ్యాయి. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో మెడిచి ప్రభువుల కొలువులో ఉన్న బార్తొలోమెయో క్రిస్తొఫొరి, తాను కనిపెట్టిన పియానోల్లో ఒకదాన్ని ఆ ఏడాది తయారుచేశాడు. ఆయన చేసినవాటిలో ఇప్పటికి మిగిలినవి మూడే. వాటిలో 1722 నాటిది రోమ్ నగరంలోని వాద్యాల మ్యూజియంలో ఉంది. జర్మనీలోని కోథెన్ సంస్థానంలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్, ఇరవై నాలుగు శ్రుతులకు ఇరవై నాలుగు జంట రచనలు కూర్చి, శుభ్రంగా రాసుకున్న ప్రతి మీద అదే సంవత్సరం వేసుకున్నాడు. ఫ్రాన్స్‌లో క్లెర్మాఁ పట్టణపు పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించే జాఁ ఫిలిప్ రామో అనే మనిషి రాసిన ఒక లావుపాటి శాస్త్రగ్రంథం పారిస్‌లో అచ్చయింది. "సహజ సూత్రాలకు కుదించిన హార్మొనీ" అని దాని పేరుకు స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు.

ఒకరు వాద్యం చేశారు, ఒకరు సంగీతం రాశారు, ఒకరు లెక్క చెప్పారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ లెక్క గురించి. ఎందుకంటే ఈనాడు మన ఊళ్ళలో పిల్లలు కీబోర్డు క్లాసుకు వెళ్ళి మూడో నెలలో నేర్చుకునే "ఇన్వర్షన్" అన్న మాట వెనుక ఆ లెక్కే ఉంది. మాస్టారు వేళ్ళు చూపిస్తారు, పిల్లవాడు వాయిస్తాడు. అయితే ఆ మాట కోసం పెద్దపెద్దవాళ్ళు వాదించుకున్నారనీ, ఆ వాదం పూర్తిగా తీరకుండానే మన వేళ్ళ దాకా వచ్చిందనీ ఎవరూ చెప్పరు.

కార్డ్ అంటే ఏమిటి

ముందుగా పరిభాష చూద్దాం. కార్డ్ అంటే నేను వృత్తిరీత్యా రోజూ చూసే ప్లాస్టిక్ కార్డు కాదు. ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుచ్ఛం. మన శంకరాభరణం స్వరాలతోనే చెప్పుకుంటే సులువు. పియానో మీద "సి" అనే తెల్లమెట్టును షడ్జమంగా పెట్టుకుంటే, వరుసగా తెల్లమెట్లన్నీ స రి గ మ ప ద ని అవుతాయి. స, గ, ప మూడూ కలిపి నొక్కితే ఒక కార్డ్. దీని పేరు "సి మేజర్". స దీనికి మూలస్వరం.

ఇప్పుడు అడుగున ఉన్న స ను తీసి పైస్థాయిలో పెట్టండి. గ ప స అవుతుంది. ఇది మొదటి ఇన్వర్షన్. అడుగున ఉన్న గ ను కూడా పైకి పంపండి. ప స గ అవుతుంది. ఇది రెండవ ఇన్వర్షన్. మరొక్కసారి తిరగవేస్తే మళ్ళీ స గ ప వచ్చేస్తుంది, కాకపోతే పైస్థాయిలో. మూడు స్వరాలకు మూడు నిలుపులు. నాలుగు స్వరాల కార్డ్ అయితే నాలుగు. తిరగవేత అన్నది ఇంతే.

ఇందులో పెద్ద విశేషం ఏముంది, స్వరాలు అవే కదా అని పాఠకులకు అనిపించవచ్చు. స్వరాలు అవే గనుక కార్డ్ కూడా అదే అని మనం ఇంత తేలిగ్గా అనేయగలుగుతున్నామంటే, దానికి మూడువందల ఏళ్ళ శిక్షణ కారణం. 1722కు ముందు కాలంలో నిత్యం వాయించేవారిలో అత్యధికులకు గ ప స అన్నది స గ ప కు మరో రూపంగా తోచేది కాదు. అది గ మీద నిలబడ్డ వేరే కట్టడం.

అంకెలు వేసిన చిట్టా

కామర్స్ చదివినవారందరికీ వెనీస్ నగరం పేరు మొదటి తరగతిలోనే వినబడుతుంది. జంటపద్దు విధానాన్ని వివరించిన లూకా పాచోలి గ్రంథం అక్కడే 1494లో అచ్చయింది. అదే వెనీస్‌లో 1558లో జోసెఫో జార్లినో సంగీతానికి లెక్కలు కట్టాడు. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న అంకెల నిష్పత్తుల్లోనే వినసొంపైన స్వరసంబంధాలన్నీ ఉన్నాయన్నాడు. అదే వెనీస్‌లో 1602లో లొదొవీకో వియదానా వంద భక్తిగీతాల సంపుటి వేస్తూ, ఆర్గన్ వాయించేవాడికి అడుగు స్వరాల వరుసను మాత్రం విడిగా అచ్చువేసి ఇచ్చాడు. పైన ఏ స్వరాలు కలపాలో అతడే చూసుకోవాలి.

ఈ పద్ధతి ఐరోపా అంతటా పాకింది. వాయించేవాడికి సాయంగా అడుగు స్వరం దగ్గర అంకెలు వేయడం వాడుకలోకి వచ్చింది. అంకె ఏమీ లేకపోతే అడుగు స్వరం మీద మూడవదీ అయిదవదీ కలపాలి. "6" ఉంటే మూడవదీ ఆరవదీ. "6" కింద "4" ఉంటే నాల్గవదీ ఆరవదీ. మేము వడ్డీకి రోజులు లెక్కపెట్టేటప్పుడు రెండు చివరల్లో ఒకదాన్ని వదిలేస్తాం. సంగీతంలో రెండూ కలుపుతారు. గ నుంచి లెక్కపెడితే గ ఒకటి, మ రెండు, ప మూడు, ద నాలుగు, ని అయిదు, స ఆరు. అంటే గ దగ్గర "6" అని ఉంటే గ ప స అని వాయించాలి. ప దగ్గర "6, 4" ఉంటే ప స గ.

ఇది చాలా పకడ్బందీ పద్ధతి. కానీ ఇందులో లెక్క ఎప్పుడూ అడుగు నుంచే మొదలవుతుంది. అడుగున ఉన్నదే యజమాని. స మీద కట్టింది ఒకటి, గ మీద కట్టింది ఇంకొకటి, ప మీద కట్టింది మరొకటి. ఏ అంకె తర్వాత ఏ అంకె రావచ్చో అనుభవం మీద తెలియాలి. నాలుగు స్వరాల కార్డ్‌లు కూడా కలిసేసరికి "7", "6, 5", "4, 3", "4, 2" అంటూ పట్టిక పెరిగిపోతుంది. నేర్చుకునేవాడు వీటన్నిటినీ విడివిడిగా వేళ్ళకు ఎక్కించుకోవాలి.

1716లో పారిస్‌లో ఫ్రాఁస్వా కాంపియాఁ అనే ఒపేరా వాద్యకారుడు ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో చెప్పింది "అష్టక నియమం". అడుగు స్వరం స నుంచి పైస్థాయి స దాకా ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే ఏ మెట్టు మీద ఏ కట్టడం వేయాలి, దిగుతుంటే ఏది వేయాలి అన్న జాబితా అది. ఆరోహణకు ఒకటి, అవరోహణకు ఒకటి. అన్ని శ్రుతుల్లోనూ దీన్ని కంఠతా పట్టినవాడికి పని జరిగిపోతుంది. ఎందుకలా అని మాత్రం అడగకూడదు.

రామో అడిగిన ప్రశ్న

రామో అడిగాడు. ఆయన 1683లో దిజాఁ పట్టణంలో పుట్టాడు. తండ్రి కూడా ఆర్గన్ వాయించేవాడే. పుస్తకం అచ్చయ్యేనాటికి నలభైకి దగ్గరపడుతున్న మనిషి, ఇంకా చిన్న ఊరి ఉద్యోగి. ఆయన మొదటి పెద్ద ఒపేరా రంగం మీదికి వచ్చింది 1733లో, యాభయ్యో ఏట. ఆలస్యంగా మొదలుపెట్టాం అని దిగులుపడేవారు గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఇది.

రామో వాదం సారాంశం చెప్పుకుంటే ఇంతే. ఒక స్వరాన్ని స్థాయి మార్చి వాయించినా దాని గుర్తింపు మారదు. మంద్ర షడ్జమం, తారా షడ్జమం రెండూ షడ్జమమే. ఈ సంగతి మనకు కొత్త కాదు, మన సప్తస్వరాల ఏర్పాటే దీని మీద నిలిచింది. రామో చేసిందల్లా ఒక్క స్వరం విషయంలో అందరూ ఒప్పుకునే ఈ మాటను మొత్తం కార్డ్‌కు వర్తింపజేయడం. స పైకి వెళ్ళినా స యే అయినప్పుడు, స పైకి వెళ్ళిన కార్డ్ కూడా అదే కార్డ్ కావాలి కదా!

నిష్పత్తుల్లో చూస్తే మరీ స్పష్టం. స గ ప ల కంపనాల నిష్పత్తి 4:5:6. అడుగు స ను రెట్టింపు చేస్తే 4 కాస్తా 8 అవుతుంది. గ ప స నిష్పత్తి 5:6:8. ఇప్పుడు గ ను కూడా రెట్టిస్తే ప స గ నిష్పత్తి 6:8:10, అంటే 3:4:5. మూడు నిష్పత్తులూ మూడు రకాలుగా కనిపిస్తాయి. కానీ ఒకదాని నుంచి మరొకటి రెట్టింపుతోనే పుట్టింది. లెక్కలో కొత్త ఆసామీ ఎవరూ రాలేదు. ఒకే ఖాతాదారుడు నిన్న ఒకటో కౌంటరు దగ్గర, ఇవాళ మూడో కౌంటరు దగ్గర నిలబడ్డాడు. అంతమాత్రాన ఖాతా నంబరు మారదు కదా.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మూడు స్వరాల కార్డ్ విషయంలో ఈ ఆలోచన రామోకు ముందే ఉంది. 1612లో యోహానెస్ లిప్పియస్ అనే జర్మన్ పండితుడు "హార్మొనీ త్రయం" అన్న మాట వాడి, దానికి మూలస్వరం ఒకటుందనీ, అది అడుగున లేకపోయినా మూలమేననీ గుర్తించాడు. ఆ సంవత్సరమే ఇరవై ఏడేళ్ళ వయసులో చనిపోయాడు. రామో చేసిన పని దాన్ని నాలుగు స్వరాల కార్డ్‌లకూ విస్తరించి, మొత్తం హార్మొనీకి ఒకే సూత్రం కింద లెక్క తేల్చడం. ఆయన పట్టికలో చివరికి మిగిలినవి రెండే రకాలు. మూడు స్వరాల సంపూర్ణ కార్డ్ ఒకటి, ఏడవ స్వరం చేరిన కార్డ్ ఒకటి. తక్కినవన్నీ వీటి రూపాంతరాలే.

అంకెల్లో చూడండి. ఏడు స్వరాల మీద మూడేసి నిలుపుల చొప్పున 21, నాలుగేసి నిలుపుల చొప్పున 28, మొత్తం 49 కట్టడాలు. తిరగవేత తెలిస్తే అవి 14కు దిగుతాయి. 14 కూడా రెండు నమూనాలే. గ్రంథం పేరులో "కుదించిన" అన్న మాట ఊరికే పెట్టలేదు. దీనికి అరవై డెబ్బై ఏళ్ళ ముందు తంజావూరులో, తెలుగు యక్షగానాలు స్వయంగా రాసిన విజయరాఘవ నాయకుని కాలంలో, వేంకటమఖి పన్నెండు స్వరస్థానాల నుంచి 72 మేళాలను లెక్కకట్టి నిలబెట్టాడు. ఆయన చేసింది రాగాలకు, ఈయన చేసింది కార్డ్‌లకు. ఒకరి పని ఒకరికి తెలిసే వీలు లేదు. ఇద్దరిదీ ఒకటే తపన: చెల్లాచెదురుగా ఉన్న వాడుకను ఒక లెక్కలోకి తేవాలి.

కనిపించని వరుస

ఇంతటితో ఆగి ఉంటే రామో మంచి గుమాస్తా అనిపించుకునేవాడు. ఆయన ఇంకో అడుగు వేశాడు. ప్రతి కార్డ్‌కూ మూలస్వరం ఉన్నప్పుడు, ఒక కార్డ్ తర్వాత ఇంకో కార్డ్ వస్తుంటే, చెవికి అడుగున వినిపించే స్వరాల వరుస ఒకటి, ఎక్కడ దాగినా మూలస్వరాల వరుస మరొకటి ఉంటాయి. సంగీతాన్ని నడిపించేది ఈ రెండోదే అన్నాడు.

దీనికి నాకు తెలిసిన చక్కని ఉదాహరణ రామో పుస్తకంలోది కాదు. అదే సంవత్సరం బాఖ్ తేదీ వేసుకున్న సంపుటిలో మొట్టమొదటి రచన, సి మేజర్ ప్రెల్యూడ్. పియానో నేర్చినవారంతా ఏదో ఒక రోజు వాయించేదే. ఒక్కొక్క ఆవృత్తానికి ఒక్కొక్క కార్డ్‌ను స్వరస్వరంగా విడదీసి వాయించడమే అందులో పని. మొదటి నాలుగు ఆవృత్తాల్లో అడుగు స్వరం చూస్తే: స, స, ని, స. అంటే దాదాపు కదలిక లేదు. ఒక్క అరమెట్టు కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చింది. కానీ మూలస్వరాలు చూస్తే: స, రి, ప, స. రెండో ఆవృత్తంలో ఉన్నది రి మ ద స అనే కార్డ్, దాని చివరి స్వరం స అడుగుకు వచ్చింది. మూడో దానిలో ఉన్నది ప ని రి మ, దాని రెండో స్వరం ని అడుగుకు వచ్చింది. పైకి చూస్తే నిశ్చలం, లోపల మాత్రం ఇల్లు విడిచి వెళ్ళి తిరిగి ఇంటికి చేరిన ప్రయాణం ఉంది. ఆ నాలుగు ఆవృత్తాల ప్రశాంతతకు, అందులోని జీవానికి కూడా కారణం ఈ రెండు వరుసల మధ్య తేడాయే. ఇన్వర్షన్ అంటే వేళ్ళకు సుఖం అని మాత్రమే అనుకునేవారు ఈ నాలుగు ఆవృత్తాలను మూలస్వరాలు అడుగున పెట్టి ఒకసారి వాయించి చూడాలి. కార్డ్‌లు అన్నీ ఉంటాయి, బాఖ్ ఉండడు.

ఎదురుపక్షం

ఇంత అందమైన ఉదాహరణ ఇచ్చిన బాఖ్ రామో పక్షాన ఉన్నాడా అంటే, లేడు. బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయేల్ బాఖ్, తన సూత్రాలూ తన తండ్రి సూత్రాలూ రామోకు వ్యతిరేకమైనవేనని రాసి ఇచ్చాడు. బాఖ్ శిష్యుడైన కిర్న్‌బెర్గర్ 1770లలో తన గ్రంథంలో ఆ మాటను ప్రచురించాడు. కుమారుడు 1762లో వేసిన వాద్యబోధిని రెండో భాగం కూడా పాత పద్ధతిలోనే, అడుగు స్వరం మీది అంకెల ప్రకారమే నడుస్తుంది.

వారి అభ్యంతరంలో పస ఉంది. కార్డ్ అదే అన్నంత మాత్రాన దాని ప్రవర్తన కూడా అదేనా? స గ ప తో పాటను ముగించవచ్చు, చెవికి తృప్తిగా ఉంటుంది. గ ప స తో ముగిస్తే ఇంకా ఏదో చెప్పబోతున్నట్టుంటుంది. ప స గ తో అసలు ముగించలేం. అడుగు ప కూ దాని పైన ఉన్న స కూ మధ్య దూరం నాలుగు మెట్లు. అడుగు స్వరంతో నాల్గవది కలిస్తే అస్థిరం అన్నది పాత ఆచార్యుల నియమం. మొజార్ట్ కాలపు పియానో కన్చెర్తోల్లో వాద్యబృందం అంతా ఉధృతంగా వచ్చి సరిగ్గా ఈ రెండవ ఇన్వర్షన్ మీద ఆగిపోతుంది. అక్కడ నుంచి పియానో వాయించేవాడు ఒంటరిగా తన విద్య అంతా చూపిస్తాడు. చివరికి ప మీది కార్డ్‌కు వచ్చి, అక్కడ నుంచి స మీదికి దిగితేనే సభకు ఊపిరి అందుతుంది. అంతసేపు శ్రోతను గాలిలో నిలబెట్టగలిగింది ఆ ప స గ నిలుపే. దాన్ని స గ ప కు మారువేషం అని తీసిపారేస్తే ఆ నిరీక్షణకు అర్థం ఎక్కడుంది? అక్కడ స, గ లు ప మీది కార్డ్‌లోని ని, రి ల రాకను ఆలస్యం చేస్తున్న అతిథులు అన్నది కిర్న్‌బెర్గర్ తరహా వివరణ. నాకు అదే సబబుగా తోస్తుంది.

రామోకు స్వయంగా కూడా చిక్కులు ఎదురయ్యాయి. మ ద స రి అనే నాలుగు స్వరాలున్నాయనుకోండి. మ మూలం, దానికి ఆరవ స్వరం రి అదనంగా చేరింది అనవచ్చు. లేదా రి మూలం, రి మ ద స అనే కార్డ్ తిరగబడింది అనవచ్చు. స్వరాలు అవే నాలుగు. ఎవరి ఖాతా ఇది? 1730లలో రామో దీనికి "ద్వంద్వ వినియోగం" అని పేరుపెట్టి, వచ్చేటప్పుడు మ పేరు మీద వచ్చి, వెళ్ళేటప్పుడు రి పేరు మీద వెళుతుందన్నాడు. మా భాషలో జాయింట్ ఖాతా అన్నమాట. సౌకర్యమైన ఏర్పాటే. కానీ ఒకే సూత్రం అని మొదలుపెట్టినవాడికి ఇది కొంచెం ఇబ్బందికరమైన సర్దుబాటు.

సహజ సూత్రం అన్న మాట ఇంకా పెద్ద చిక్కు. తంబూరా దగ్గర కూర్చున్న ప్రతివారికీ తెలుసు, మంద్ర షడ్జమం తీగ శ్రుతిలో మోగుతుంటే అందులోంచి అంతర గాంధారం స్వయంభువుగా వినబడుతుంది. ఒక్క తీగలోనే స, ప, గ అన్నీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో జోసెఫ్ సొవేర్ ఈ ఉపస్వరాల గురించి 1701లో శాస్త్రీయంగా రాశాడు. 1722లో తీగను భాగించే పాత లెక్కల మీద ఆధారపడిన రామో, 1726 నాటి రెండో పుస్తకంలో ఈ ఉపస్వరాలను పట్టుకున్నాడు. ప్రకృతే స గ ప ను ఇస్తోంది, ఇంకేం సాక్ష్యం కావాలి అన్నాడు. అయితే అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం ఉన్న మైనర్ కార్డ్ మాటేమిటి? అది తంబూరాలో అలా దొరకదు. 1737లో ఒక వివరణ, 1750లో ఇంకో వివరణ ఇచ్చాడు. దలాంబేర్ వంటి గణితవేత్త మొదట మెచ్చుకుని, 1752లో రామో సిద్ధాంతాన్ని అందరికీ అర్థమయ్యేలా చిన్న పుస్తకంగా రాసిపెట్టాడు. తర్వాత ఆయనతోనూ చెడింది. 1764లో చనిపోయేదాకా రామో ఈ సూత్రాన్ని సమర్థించుకుంటూ రాస్తూనే ఉన్నాడు.

మన గ్రహభేదంతో పోలిక

కర్ణాటక సంగీతం తెలిసిన పాఠకులు ఇక్కడ గ్రహభేదాన్ని గుర్తు చేసుకుంటారు. మోహనంలోని గాంధారాన్ని షడ్జమంగా పెట్టుకుని అవే స్వరాలు పాడితే హిందోళం అవుతుంది. రిషభాన్ని పెట్టుకుంటే మధ్యమావతి. స్వరాలు అవే, ఆధారం మారింది, రాగం పేరే మారిపోయింది. మరి కార్డ్ విషయంలో అడుగు మారినా పేరు మారదంటారేమిటి?

తేడా ఆధారంలో ఉంది. మనకు కొలమానం ఆధార షడ్జమం. దాన్ని మారిస్తే ప్రతి స్వరానికీ సంబంధం మారుతుంది, కాబట్టి రాగం మారుతుంది. కార్డ్‌ను తిరగవేసినప్పుడు మారేది అడుగు స్వరమే, మూలస్వరం కాదు. అందుకే రామో అడుగునూ మూలాన్నీ విడదీయవలసి వచ్చింది. ఒకదాన్ని అది నిలబడ్డ చోటును బట్టి గుర్తించాలా, అది వచ్చిన మూలాన్ని బట్టి గుర్తించాలా అన్నదే ఈ మొత్తం వివాదం. పాత ఆర్గన్ వాద్యకారులు నిలబడ్డ చోటు అన్నారు. రామో మూలం అన్నాడు. చోటును విస్మరిస్తే ప్రవర్తన అర్థం కాదు, మూలాన్ని విస్మరిస్తే మనిషే అర్థం కాడు.

వేళ్ళ మీదికి వస్తే

ఇంట్లో కీబోర్డు గానీ హార్మోనియం గానీ ఉన్నవారు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. కుడిచేత్తో మూడు కార్డ్‌లు వరుసగా వాయించాలి: స గ ప, తర్వాత మ ద స, తర్వాత ప ని రి, మళ్ళీ స గ ప. ఎన్నో సులువైన పాటలకు ఈ మూడే చాలు. ప్రతిదాన్నీ మూలస్వరం అడుగున పెట్టే వాయిస్తే చెయ్యి గెంతుతూ ఉంటుంది. నల్లమెట్లూ తెల్లమెట్లూ కలిపి లెక్కపెడితే మొదటి మార్పులో ప్రతి స్వరం అయిదు మెట్లు, రెండో మార్పులో రెండు మెట్లు, మూడో మార్పులో ఏడు మెట్లు జరుగుతుంది. మూడు స్వరాలకు 15, 6, 21. మొత్తం 42 మెట్ల ప్రయాణం.

ఇప్పుడు తిరగవేసి చూడండి. స గ ప నుంచి స మ ద కు వెళ్ళండి. స కదలదు, గ ఒక మెట్టు జరిగి మ, ప రెండు మెట్లు జరిగి ద. అక్కడ నుంచి ని రి ప కు దిగండి: స ఒక మెట్టు, మ మూడు, ద రెండు. మళ్ళీ స గ ప కు: ని ఒకటి, రి రెండు, ప కదలదు. 3, 6, 3. మొత్తం 12. నలభై రెండు చోట పన్నెండు! చెయ్యి దాదాపు ఒకేచోట ఉంటుంది, వేళ్ళు మాత్రం పక్కింటికి వెళ్ళొస్తాయి. వినడానికి కూడా మూడు గొంతుకలు ఎవరి దారిన వారు హాయిగా నడుస్తున్నట్టుంటుంది. అన్ని స్వరాలూ ఒకే దూరం ఒకేసారి గెంతడాన్ని పాత ఆచార్యులు ఎందుకు తప్పుపట్టారో అప్పుడు చెవికే తెలుస్తుంది.

వేళ్ళకు సాధారణంగా చెప్పే పద్ధతి ఇది. కుడిచేతికి మూలనిలుపులో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు. మొదటి ఇన్వర్షన్‌లో మధ్యవేలికి బదులు చూపుడువేలు, ఎందుకంటే పై రెండు స్వరాల మధ్య ఎడం ఎక్కువ. రెండవ ఇన్వర్షన్‌లో మళ్ళీ మధ్యవేలే. ఎదురుగా ఉన్న కార్డ్ ఏ నిలుపులో ఉందో తెలియనప్పుడు ఒక గుర్తు ఉంది. దగ్గర దగ్గరగా పేర్చిన మూడు స్వరాల్లో ఏ రెండింటి మధ్యనైనా నాల్గవ స్వరపు దూరం ఉందేమో చూడండి. ఉంటే, ఆ జంటలో పైనున్నదే మూలస్వరం. గ ప స లో ప, స ల మధ్య ఆ దూరం ఉంది, పైనున్నది స. ప స గ లో కూడా ప, స ల మధ్యే, పైనున్నది స. అలాంటి ఎడం లేకుండా సమంగా పేర్చి ఉంటే అడుగున ఉన్నదే మూలం. ఈ ఒక్క కిటుకు తెలిస్తే, పట్టిక కంఠతా పట్టనవసరం లేకుండా ఏ కార్డ్ నైనా చూసి పేరు చెప్పవచ్చు. కుదించడం వల్ల కలిగే లాభం అదే. దాన్ని మనకు ఇచ్చింది రామో.

కానీ ఎడమచేతి చిటికెనవేలు ఏ స్వరం మీద ఉందో చూసుకోవడం నేర్పింది మాత్రం ఆ పాత అంకెల చిట్టా. కుడిచెయ్యి ఏ నిలుపులో ఉన్నా పరవాలేదు. మొత్తం మీద అన్నిటికన్నా కింద మోగే స్వరాన్ని బట్టే ఇన్వర్షన్ నిర్ణయమవుతుంది. కుడిచేతిలో గ ప స ఉన్నా ఎడమచెయ్యి స నొక్కితే అది మూలనిలుపే. కొత్తగా నేర్చుకునేవారు తికమకపడేది సాధారణంగా ఇక్కడే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గాట్‌ఫ్రీడ్ వేబర్ వంటి జర్మన్ పండితులు మూలస్వరాలను రోమన్ అంకెలతో గుర్తించే పద్ధతిని స్థిరపరిచారు. తరగతి గదుల్లో రోమన్ అంకె పక్కన పాత "6", "6, 4" లు వేసే అలవాటు వచ్చింది. ఈనాడు సినిమా పాటల కార్డ్‌లు రాసుకునే కాగితం మీద "సి" అని రాసి, ఒక ఏటవాలు గీత గీసి, పక్కన "ఈ" అని రాస్తారు. కార్డ్ సి మేజర్, అడుగున మాత్రం గాంధారం అని దాని అర్థం. గీతకు ముందున్నది రామో లెక్క, గీత తర్వాత ఉన్నది బాఖ్ లెక్క. ఇద్దరూ బతికి ఉండగా కుదరని రాజీ ఒక చిన్న గీత దగ్గర కుదిరింది. జంటపద్దులో రెండు వైపులూ రాస్తేనే పద్దు పూర్తయినట్టు, ఆ రెండు అక్షరాలూ చదివి వాయించినప్పుడే కార్డ్ పూర్తిగా వాయించినట్టు.